అన్న కాలి వాపు

యుద్ధం రోజులవి, నూలు దొరకడమే కష్టం. ఆ వానాకాలం మగ్గం గుంటలో చెమ్మ ఊరి, అన్నకూ నాకూ కాళ్ళకు తామర పట్టింది. నూలిచ్చి నేయించే షావుకారు గారు చూసి, "ముందెవరికి మానితే వాళ్ళే జరీ పెళ్ళిచీర నేస్తారయ్యా" అన్నారు.

అన్న కాలు ఎర్రగా వాచి రసి కారింది. నాది పొలుసు రాలుతూ చల్లగా ఉంది. చీర నాదేనని మురిసిపోయాను.

బెజవాడ గ్రంథాలయంలో వైద్య పుస్తకం చదివాక గుండె జారింది. తామర ఒక బూజట. ఒళ్ళు దాన్ని పసిగడితే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి మూగి దాడి చేస్తాయి. ఆ పోరే ఎరుపు, వాపు. పోరు లేనిచోట బూజు కాపురం పెడుతుంది.

ఇంటికొచ్చి అన్న కాలు చూస్తే అసూయతో ఒళ్ళు మండింది.

"ఏరా, అలా చూస్తావేం? నీకూ కావాలా ఈ వాపు?" అన్నాడు.

"కావాలన్నయ్యా."

"చదివి చదివి మీ తమ్ముడికి మతి పోయిందండీ!" అని వదిన నవ్వింది.

అన్న కాలు మానింది. జరీ చీర అతనికే వచ్చింది. అతను నున్నటి కాళ్ళతో గుంటలోకి దిగుతుంటే, ఒకే తల్లి పాలు తాగిన నా రక్తానికి ఆ కోపం ఎందుకు రాలేదా అనుకుంటూ, గట్టున కూర్చుని గోక్కున్నాను.