ఎనిమిది వేల నూట తొంభై ఒకటి

బదిలీకి వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆ సాయంత్రమే ఆఖరు. పెడితే ఖమ్మం దగ్గరికి పోవచ్చు, మా అమ్మ దగ్గర పెరుగుతున్న నా నాలుగేళ్ల కూతురిని నా పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. పెట్టకపోతే చర్ల అవతల, అడవిలోని ఈ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలోనే లెక్కలు చెప్పుకుంటూ ఉండాలి. ఖాళీలు చూపించిందే నిన్న. ఇవాళ చూస్తే ముసురుకు వాగు పొంగి రోడ్డు మునిగింది. కరెంటు పోయింది, గోరుచుట్టుపై రోకటి పోటులా టవరూ పోయింది. నేను వెళ్లిపోతానని బడంతటికీ తెలుసు.

పొద్దున్నే గొడుగు పట్టుకుని వాగు దాకా నడిచాను. వంటామె వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంది టీచరమ్మా గిట్ల? దిగితే చర్లకు గాదు, సీదా గోదాట్లకే పోతవ్."

తిరిగొచ్చాను. గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. మధ్యాహ్నం దాటాక తొమ్మిదో తరగతికి వెళ్లి బోర్డు మీద 8191 రాశాను. పదమూడు రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. ప్రధాన సంఖ్యో కాదో తేల్చమన్నాను. సాయంత్రం దాకా ఎవరూ నా మొహం చూడకుంటే చాలనుకున్నాను.

పోడు చేలల్లో పనికి ఒకరికొకరు బదులు పోయినట్టే పిల్లలు పని పంచుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో చిన్న ప్రధాన సంఖ్య తీసుకుని భాగించసాగారు. తొంభై దాటి చూడక్కర్లేదన్నాను. తొంభై ఒకటిని తొంభై ఒకటితో గుణిస్తేనే 8191 దాటిపోతుంది. అంతకంటే పెద్దదేదైనా దీన్ని భాగిస్తే, దాని జోడీ చిన్నదై ముందే దొరుకుతుంది.

రెండు, మూడు, ఐదు, ఏడు, అన్నింటికీ ఒకటే మిగిలింది. పదకొండుకు ఏడు మిగిలింది. అప్పుడు పదమూడు తీసుకున్న పిల్ల లేచింది.

"నాది పొయ్యింది టీచర్. ఏం మిగల్లే."

క్లాసంతా గొల్లుమంది. పలక చూశాను. భాగఫలం ఆరువందల ముప్ఫై సరిగ్గానే వేసింది. చివర ఒకటి ఉండాలి, లేదు.

"ఆ ఒకటి ఏది?"

"రానోళ్లింటికి ఇచ్చిన."

వాళ్ల గూడెంలో వాగు చేపలు కుప్పలు పెట్టి పంచుకున్నాక ఏదైనా మిగిలితే, జ్వరమొచ్చో బాలింత ఉండో రాలేకపోయిన ఇంటికి పంపుతారట. మిగిలిందాన్ని ఊరికే వదిలేయడం ఆ పిల్లకు తెలియదు.

"లెక్కల్లో రానోళ్లిల్లు ఉండదే. మిగిలింది మిగిలినట్టే రాయాలి" అన్నాను. కిటికీ వైపు తిరిగాను. వాన తగ్గలేదు.

చివరికి ఎనభై తొమ్మిదికి మూడు మిగలడంతో పని పూర్తయింది. ఏదీ దాన్ని విరగ్గొట్టలేదు. పిల్లలు సంబరంతో బల్లలు చరిచారు. గోడ గడియారం చూస్తే గడువు దాటిపోయింది. ఏడుపొచ్చింది. ఏడవడానికీ చోటులేని బడి అది, ఎటు తిరిగినా ఎవరో ఒక పిల్ల ఉంటుంది.

పదమూడు పిల్ల దగ్గరికొచ్చింది. "ఇంతకన్న పెద్దది ఉన్నదా టీచర్?"

"ఉంది. ప్రధాన సంఖ్యలకు అంతు లేదు. ఎంత పెద్దది పట్టుకున్నా, దాన్ని మించింది ఇంకోటి ఉంటుంది."

దాని మొహం వెలిగిపోయింది.

"గట్లయితే రోజుకోటి జేద్దాం. ఇగ మీరు యాడికీ పోరు గద?"

"అవ్" అన్నాను.