చెల్లెలి చేతికి ఇవ్వనన్న శాంపిల్

దోహాకొచ్చిన కొత్తల్లో నాకో జబ్బుండేది. తెలుగు ముఖం కనబడితే చాలు, వరస కలిపేసేదాన్ని. అమలాపురం పిల్లని కదా, అక్కా, బాబాయ్, అన్నయ్యా అనకుండా నోరు తెరవడం మాకు చేతకాదు. సంతానసాఫల్య కేంద్రం ల్యాబులో చేరాక కూడా ఆ నోరు మారలేదు. అక్కడ నా పని, భర్తలిచ్చిన వీర్యం శాంపిల్‌ని కడిగి, చురుకైన కణాలను వేరుచేసి, వాటిని భార్య గర్భంలోకి పంపడానికి డాక్టరమ్మకు సిద్ధం చేసివ్వడం. (ఇంట్లో మాత్రం "రక్తపరీక్షలు" అని చెప్పాను. మా అమ్మ చర్చిలో అందరికీ అదే చెప్పుకుని మురిసిపోయేది.)

ఒక జూలై ఉదయం కిటికీ అవతల ఒకాయన డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఊరు జగిత్యాల వైపు, డ్యూటీ రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో. భార్య విజిట్ వీసా మీద వచ్చింది, ఆ వారమే తిరుగు ప్రయాణం. ఆమెకు గుడ్డు విడుదలయ్యేది ఆ రోజే. అది తప్పితే మళ్ళీ ఎప్పుడో ఏమో! ఇవన్నీ ఫైల్లో చదివిన నేను, పాపం ధైర్యం చెబుదామని, మాస్కు వెనకనుంచి ప్రేమగా "ఇలా ఇచ్చెయ్యండి అన్నయ్యా" అన్నాను.

అంతే! ఆయన ముఖం పాలిపోయింది. డబ్బాని చొక్కాలో దోపుకుని గబగబా మెట్లు దిగి పోయాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. గంటలోపు పని మొదలుపెట్టాలి, డబ్బా వేడి ఒంటి వేడిని దాటకూడదు, చలీ తగలకూడదు. ఈయనేమో మండుటెండలోకి! ల్యాబు కోటుతో బయటికి వెళ్ళకూడదన్న నియమం మర్చిపోయి వెనకే పరిగెత్తాను. కార్ పార్కింగ్‌లో స్తంభం వెనక దొరికాడు.

"అన్నయ్యా, ఇచ్చెయ్యండి! టైమైపోతోంది!"

"మళ్ల అన్న అంటున్నవ్! చెల్లెకు గిది ఎట్లిస్తరు? లోపట మొగోళ్లెవ్వరు లేరా?"

"ఇవాళ లేరండీ. పోనీ, సార్ అంటాను!"

"ఇప్పుడంటే ఏం ఫాయిదా? ఒక్కపారి చెల్లెవైనంక అయినవ్. మాఫీ, నేనియ్య."

మా పరుగు చూసి వాళ్ళావిడ వెయిటింగ్ హాల్లోంచి రొప్పుకుంటూ వచ్చింది. సంగతి తెలిసి నడుం మీద చెయ్యేసుకుంది. "ఏందయ్యా, సిగ్గు సిగ్గనుకుంట నా వీసా ఒడగొడ్తవా? నీ చెల్లెకు నువ్వియ్యకు. నా ఆడిబిడ్డకు నేనిస్త!" అని డబ్బా లాక్కుని నా చేతిలో పెట్టింది.

అక్కడితో అయిపోతే బాగుండును. ఇచ్చేవాళ్ళు డబ్బా మీది పేరు పైకి చెప్పాలి, మేము సరిచూసుకోవాలి. (ఒకరిది ఇంకొకరితో మారితే కొంపలంటుకోవూ!) "వదినా, పేరు చెప్పండి" అన్నాను. ఆవిడ నాలుక కరుచుకుంది. "అవ్వో! ఆయన పేరు నేనెట్ల తీస్త?" చివరికి ఆయనే స్తంభం వెనకనుంచి, వీపు మాకు తిప్పి, ఇంటిపేరుతో సహా తన పేరు గట్టిగా అరిచాడు. సెక్యూరిటీ అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

డబ్బాని ఒంటికి ఆనించుకుని పరుగెత్తుకొచ్చాను. కోటు మార్చి, కొత్త తొడుగులు వేసుకుని, బల్ల మీద ఇంకొకరి శాంపిల్ ఏదీ లేదని చూసుకుని, ప్రార్థన చేసుకుని యంత్రంలో తిప్పాను. మైక్రోస్కోపులో చూద్దును కదా, బ్రహ్మాండంగా ఈదుతున్నాయి! వాటి యజమానికున్న సిగ్గులో రవ్వంత కూడా వాటికి లేదు. డాక్టరమ్మ వేళకే పని పూర్తిచేసింది.

వదిన జగిత్యాల వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయన ఖాళీ చేతులతో కిటికీ దగ్గరికొచ్చాడు. తల ఎత్తలేదు. "చెల్లె, ఊర్లె పరీక్ష చేపిచ్చిండ్రు. నిలవడ్డదట" అన్నాడు. నా కంటికి కనబడడానికే సిగ్గుపడ్డ మనిషి, హాలు నిండా మగవాళ్ళున్నారని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. మాస్కంతా తడిసిపోయింది.

ఇప్పుడు నేను ల్యాబులో సీనియర్ని. ఆనాటి నోటిదూల పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. అందరినీ సార్ అంటాను, కొత్తవాళ్ళకూ అదే నేర్పుతాను. ఎవరూ పారిపోవడం లేదు. బుద్ధిగా డబ్బా ఇచ్చి వెళ్తారు. వాళ్ళకు నిలిచిందో లేదో మాత్రం ఎవరూ వచ్చి నాకు చెప్పరు.