ఫింటాస్ గోడమీది సింహాలు

కువైట్‌లో, ఫహాహీల్ బజారులో బట్టల మీద బొమ్మలు కుట్టే మిషను నడుపుతాను నేను. బడిపిల్లల జేబుల మీద బ్యాడ్జీలు, క్రికెట్ జట్ల టోపీలు, హోటలు కుర్రాళ్ళ చొక్కాల మీద పేర్లు, ఇదీ నా పని. కొన్నేళ్ళుగా కొత్త గిరాకీ ఒకటి తగులుకుంది. నాలుగు రాళ్ళు వెనకేసుకున్న మనవాళ్ళకి వంశచిహ్నాలు కావాలి. దొరల కోటల మీద ఉంటుందే, మధ్యలో డాలు, దానికి అటూ ఇటూ లేచి నిలబడ్డ సింహాలు, పైన కిరీటం, కింద రిబ్బను మీద ఎవరికీ అర్థంకాని నాలుగు ముక్కలు, అది. దొరల సీమలో దాన్ని రాజులు ప్రసాదించేవారట. ఫహాహీల్‌లో నేను ప్రసాదిస్తాను. గురువారం ఆర్డరిస్తే శనివారానికి వంశం తయారు.

అలా ఒక పెద్దాయన వచ్చాడు. మాట వింటే గోదావరి మనిషే. "డాలు మీద పడవెయ్యండి. మా తాతలకి గోదార్లో పడవలుండేవి" అన్నాడు, నా మొహం చూడకుండా. నా మిషన్లో గోదావరి పడవ ఎక్కడిది? ఇక్కడి పండగ టోపీల కోసం దాచుకున్న అరబ్బు తెరచాప ఓడ ఉంది. ఇక్కడి చిల్లర నాణేల మీద ఉండేదే. అదే కుట్టేశాను. ఆయన మురిసిపోతూ పట్టుకెళ్ళాడు, నేను మర్చిపోయాను.

ఆ తర్వాత మా మేనకోడలికి సంబంధం వచ్చింది. పిల్ల ఇక్కడే నర్సు. అబ్బాయి ఇంజనీరు. చర్చిలో పరిచయం, ఇద్దరికీ ఇష్టం. పిల్ల తండ్రి, అంటే మా బావ, ముందు ఒక్కడే ఫింటాస్‌లో అబ్బాయివాళ్ళ ఫ్లాటుకి వెళ్ళొచ్చి మంచమెక్కాడు. ఆయన ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి.

"ఆళ్ళు దివాణం వాళ్ళురా. గోడ మీద రాజముద్రుంది. మనం గరిటె తిప్పుకునేవోళ్ళం. రేపు మన పిల్లనక్కడ ఎవడు లెక్కచేత్తాడు? వద్దని చెప్పేద్దాం."

పిల్ల నా వంక చూసింది. ఇంకొక్కసారి వెళ్ళి చూసొద్దాం, ఆపైన నీ ఇష్టం అని బావని బతిమాలి, పిల్లతో కలిసి ముగ్గురం శుక్రవారం, ఇక్కడి సెలవురోజు, చర్చి అవగానే బయల్దేరాం.

ఫ్లాటులో సోఫాకి ఎదురుగా, గాజు ఫ్రేములో, పైన చిన్న బల్బు వెలుగుతూ, నా సింహాలు. ఎడమ సింహం తోక దగ్గర దారం తెగితే నేను వేసిన ముడితో సహా. పక్కన నిలబడ్డ పెళ్ళికొడుకు తండ్రి ఆ పెద్దాయనే. నన్ను చూడగానే ఆయన ఫ్రేముకి అడ్డంగా జరిగాడు. నాకు నవ్వు రావాల్సింది, ఒళ్ళు మండింది. నేను వాడిన దారానికి మా పిల్ల పెళ్ళి ఆగడమేమిటి?

బావ చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "మేం మీ అంతటోళ్ళం కాదండి. పిల్లదేదో ముచ్చటపడింది గానండి..."

పెద్దాయన బావ వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత కూర్చుండిపోయాడు.

"అది ఈయన కుట్టిందేనండి, ఫహాహీల్లో. మాకు దివాణం లేదు, పాడూ లేదు. ఎడార్లో, వీసా ఇచ్చిన కఫీల్ మేకలు కాసుకుని బతికినోణ్ణి. అబ్బాయికి మొదట చూసిన సంబంధంలో పిల్ల తండ్రి మీది ఏ కుటుంబం అనడిగేడండి. చెప్పుకోడానికి నాకేం కనపడలేదు. మళ్ళీ ఎవరూ అడక్కుండా గోడకి తగిలించేనండి."

ఇక బావ ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన చేతులు విప్పి, నడుం నిటారు చేశాడు.

"అబద్ధాలాడే ఇంట్లో పిల్లనెలా ఇత్తామండి? పేదోళ్ళమే గానీ పరువుగా బతికినోళ్ళం. ఖలాస్. పదండి."

అప్పటిదాకా గుమ్మంలో చెప్పుల పక్కన కూర్చోమన్నా కూర్చునేలా ఉన్న మనిషి, ఒక్క మాటతో సింహాసనం ఎక్కేశాడు. పెద్దాయన తల దించుకున్నాడు. నేను సగం లేచాను. మేనకోడలు మాత్రం లేవలేదు.

"నాన్నా, పెద్ద హోటల్లో మేనేజర్నని ఊళ్ళో అందరికీ చెప్పేవు. మొన్న ఈ ఇంట్లోనూ అదే చెప్పొచ్చేవు. చిన్నప్పట్నించీ ఎవరడిగినా నేను అవుననే అన్నాను. ఏనాడైనా నీ పరువు తీసేనా? ఆయన పరువు నువ్వెందుకు తీత్తావు? కూచో."

గొంతు పెంచలేదు. ఆస్పత్రిలో రోగికి మందు మింగమని చెప్పే గొంతది. బావ కూర్చున్నాడు. నాకు ఆ ఇద్దరు పెద్దమనుషుల్ని చూస్తే ఏడుపొచ్చినంత పనైంది. సగం జీవితం ఈ దేశంలో గడిపి, తాము ఏం పని చేశారో తమలాంటి మనిషికే చెప్పుకోలేకపోయారు.

"ఒక ఇంట్లో వంట చేత్తానండి" అన్నాడు బావ చివరికి, నేల చూస్తూ.

"ఏం వంటలండి?" అన్నాడు పెద్దాయన.

"అన్నీనండి. మాంసం బాగా వండుతానంటారు." బావ తలెత్తాడు. "ప్రధానానికి మేకని మీరు చూసి తెండి. నేను వండుతాను."