చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చిన బ్రెడ్డు

కాలువ నీళ్లతో వరి పండే హాలియాలో ఉండి, రాత్రిపూట అన్నం మానేసిన తెలివి మాది. షుగర్ వస్తుందేమోనని భయపడి రెండేళ్లు చపాతీలు తిన్నాను. షుగరైతే రాలేదు. నలభై నాలుగేళ్లకు జాకెట్లన్నీ వదులయ్యాయి. తిన్నది కడుపులో నిలవదు, గోళీలు ఎన్ని మింగినా రక్తం పెరగదు. మా అమ్మ ఇలాగే చిక్కి చిక్కి పోయింది. ఏ రోగమో ఎవరూ చెప్పలేదు. నాదీ అదే దారి, క్యాన్సరేనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. పైకి మాత్రం మా ఆయన మీద విసుక్కునేదాన్ని. భయమేస్తోందని ఒప్పుకోవడం నాకు చేతకాదు.

నల్లగొండ దవాఖానలో సెలైన్ ఎక్కిస్తుంటే, చూడ్డానికి వచ్చినవాళ్లందరూ బ్రెడ్డు ప్యాకెట్లే తెచ్చారు. మా వైపు రోగికి అన్నం బరువు, బ్రెడ్డు తేలిక.

"జర పాలల్ల ముంచుకొని తిను, గదన్న అరుగుతది," అన్నాడు మా ఆయన.

తిన్నాను. మళ్లీ బాత్రూంకి పరుగెత్తాను.

డాక్టరమ్మ ఆ ప్యాకెట్లకేసి చూసి, ఇంట్లో ఏం తింటావని అడిగింది. చపాతీల సంగతి చెప్పాను.

"గోధుమ నీకు పడ్తలేదేమో. రక్తం పరీక్ష చేద్దాం, గొట్టం వేసి పేగు ముక్క తీసి చూద్దాం. అప్పటిదాక గోధుమ మానకు. మానితే రోగం పరీక్షల దొరకదు."

విషమేమో అంటూనే తినమన్న డాక్టర్ని అప్పుడే చూశాను. పరీక్షలన్నీ అయ్యేదాకా ప్రతి ముక్కా తిట్టుకుంటూ మింగాను.

చివరికి సీలియాక్ అని తేలింది. గోధుమ తింటే పేగు లోపల దెబ్బతినే జబ్బట. క్యాన్సర్ కాదు. మా ఆయన కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఇది రక్తసంబంధంలో రావచ్చని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

అమ్మకూ ఇదేనా అంటే, ఇప్పుడెవరూ చెప్పలేరంది. చివరి రోజుల్లో అమ్మ, "పిడికెడు బువ్వ పెట్టు బిడ్డా," అని అడిగేది. అరగదని చెప్పి, పాలలో నానబెట్టిన బ్రెడ్డు నేనే నోట్లో పెట్టాను. మొహం తిప్పుకుంటే కోప్పడ్డాను కూడా.

ఇంటికొచ్చేసరికి, డిగ్రీ చదివే నా బిడ్డ, నాకోసం ఎవరో తెచ్చిన బ్రెడ్డు పాలలో ముంచుకుని తింటోంది. ఈ మధ్య తనూ పాలిపోయింది. తినకు అని నోటిదాకా వచ్చింది. రక్తం పరీక్ష అయ్యేదాకా బిడ్డకూ మాన్పించొద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది. గిన్నెలో ఇంకిన్ని పాలు పోసి, పక్కన కూర్చున్నాను.