పాస్టరమ్మగారి ఇవాళ

నాకు పెళ్లై నందిగామ వచ్చిన కొత్తలో మా పాస్టరుగారి భార్య ఇంటింటికీ ప్రార్థనకు వచ్చేవారు. ఎవరు రేపటి బెంగ చెప్పుకోబోయినా చెయ్యెత్తి ఆపి, "ముందు ఇవాళ దేవుడేమిచ్చాడో చెప్పు" అనేవారు.

ఒకసారి వానల్లో నేను విసుక్కున్నాను. "ఏమిచ్చాడండీ! పుల్లలు తడిసినై. పొద్దుట్నుంచీ ఇల్లంతా పొగే."

"పొగకే స్తోత్రం చెప్పు. దోమలు పోయినై కదమ్మా!" అని నవ్వించారు. కృతజ్ఞత నాకు ఆవిడే నేర్పారు.

ఆ ఏడాదే వాళ్ల ఒక్కగానొక్క కొడుక్కి మెదడువాపు జ్వరం వచ్చింది. బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే బస్సులోనే, ఆవిడ ఒళ్లో ప్రాణం పోయింది. ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. చావింట గట్టిగా ఏడిస్తే విశ్వాసం లేనట్టేనని మా సంఘంలో అనుకునేవాళ్లం. అందుకే అందరం కళ్లు తుడుచుకుంటూ పాటలు పాడుతున్నాం. ఆవిడ మాత్రం గుండెలు బాదుకుని ఏడ్చారు.

పాస్టరుగారు బైబిలు పట్టుకుని నిలబడే, "ఊరుకో, సంఘమంతా చూస్తోంది. రేపు పరలోకంలో వాణ్ణి చూస్తాం కదా" అన్నారు.

"రేపు చూద్దాం లెండి. ఇవాళ నా బిడ్డ చచ్చిపోయాడండీ. ఇవాళ నన్ను ఏడవనివ్వండి."

పాట ఆగిపోయింది. ఆయన బైబిలు మూసి ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డారు. పిల్లాడి పాదాలు పట్టుకుని బావురుమన్నారు. అప్పుడు మేమందరం ఏడ్చాం. అలా ఏడవనిచ్చినందుకు దేవునికి ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను.