ఉలవల మీద బ్రేకు

నా సైకిలు తాళంచెవి మా వంటగదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. అది మా ఆవిడ సుశీల చేసిన ఏర్పాటు. రెండేళ్ల కిందట గుత్తి దగ్గర ఒక గుట్ట మీంచి గేర్ల సైకిలు మీద దిగుతూ బోర్లా పడి ఎడమ కాలరు ఎముక విరగ్గొట్టుకున్నాను. అప్పుడు నాకు అరవై రెండు. సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, జిల్లాలో నేనెక్కని గుట్ట లేదన్న గర్వం ఒకటి ఉండేది. గుట్ట ఎక్కడం వేరు, చక్రాల మీద దిగడం వేరు అని ఆ రోజు తెలిసింది. తర్వాత నలభై రోజులు సుశీల నాకు చొక్కా గుండీలు పెట్టింది, తల దువ్వింది. దువ్వడానికి పెద్దగా ఏమీ లేదనుకోండి, అయినా దువ్వింది.

సైకిలు లేకుండా నేను ఇంట్లో ఎంత చికాకు పెట్టానో ఆమెకే తెలుసు. చివరికి రాజీ కుదిరింది. పాతది అమ్మేసి బ్యాటరీ సైకిలు కొనుక్కోవచ్చు. గుట్టలు సైకిలు మీద దిగకూడదు. ఇంకొక్కసారి పడితే తాళంచెవి మేకు మీంచి ఆమె బీరువాలోకి పోతుంది, మళ్లీ బయటికి రాదు. ఈ షరతుల మీదే మొన్న జనవరి చివర్లో కళ్యాణదుర్గం ప్రయాణం పెట్టుకున్నాను.

ఉదయం ఐదూముప్పావుకు అనంతపురం బస్టాండులో ఉన్నాను. సైకిలును బస్సు పైకి ఎక్కించాలి. కండక్టరు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"సైకిలైతే లగేజి అన్నా. మోటారుంటే బండి. బండ్లు ఎక్కించుకోం."

నేను తాళం తిప్పి బ్యాటరీ ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. "ఇప్పుడు సైకిలే కదప్పా" అన్నాను. అతను లగేజి టికెట్టు కొట్టాడు. సైకిలును పైకి లాగడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు. నేను కింద నిలబడి సలహాలిచ్చాను.

ఆరింటికి బస్సు కదిలింది. బ్యాటరీ సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న పెద్దామె చాలాసేపు దానివంక చూసి, "టిఫిను క్యారేరా అన్నా, అంత బరువుండాది?" అని అడిగింది. నా కాళ్లు అందులో ఉన్నాయమ్మా అన్నాను. ఆమె నా కాళ్లవైపు చూసి కిటికీవైపు జరిగి కూర్చుంది.

కళ్యాణదుర్గంలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాణి, రెండు మిరపకాయ బజ్జీలు. ఈ దారిన వెళ్లేవాళ్లకు నా మాట: బజ్జీలు ఒకటితో ఆపండి, ఎత్తు ఎక్కేటప్పుడు రెండోది గుర్తుకొస్తుంది. ఎనిమిదిన్నరకు రాయదుర్గం రోడ్డు పట్టాను. అటూ ఇటూ వేరుశనగ పీకేసిన ఎర్ర చేలు, మధ్యలో కంది కొయ్యకాళ్లు, దూరంగా గాలిమరలు. చలి ఇంకా వదల్లేదు.

బ్యాటరీ సైకిలు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. తొక్కేది మనమే, మోటారు వెనకనుంచి తోస్తుంది. ఎంత తొయ్యాలో ఐదు మెట్లు ఉంటాయి. నేను బుద్ధిగా రెండో మెట్టుతో మొదలుపెట్టి, ఎదురుగాలి సాకుతో మూడుకు, ఏ సాకూ లేకుండా నాలుగుకు వెళ్లాను. మొదటి గంటలోనే నాకు ముప్పై ఏళ్లు వచ్చేశాయి. ఆ వయసులో నాకు బుద్ధి కూడా ముప్పై ఏళ్లవాడిదే ఉండేది, అదీ తిరిగొచ్చింది.

తొమ్మిదిన్నరకు రోడ్డుకు ఎడమపక్క ఒక రాతిగుట్ట కనిపించింది. గొర్రెలు ఎక్కే బాట ఒకటి మెలికలు తిరిగి పైకి పోతోంది. షరతు దిగడం గురించే కదా, ఎక్కడం గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఐదో మెట్టు వేశాను. ఆయాసం కూడా రాకుండా పైకి చేర్చింది. పైనుంచి చూస్తే ఎండిపోయిన చెరువు, దాని వెనక ఇంకో చెరువు, అదీ ఎండిపోయింది. అంత ఎండు నేలమీద కూడా ఒకచోట దానిమ్మ తోట పచ్చగా కనబడింది. ఎందుకో నాకు చాలా సంతోషం కలిగింది.

ఇక దిగాలి. జీను మీద కూర్చుని ముందు చక్రం వాలు అంచుకు తెచ్చాను. కాలరు ఎముక అతికిన చోట ఒక గుబ్బ ఉంది, చెయ్యి దానికదే అక్కడికి పోయింది. దిగి, సైకిలును నడిపించుకుంటూ వచ్చాను. పాతిక కిలోల సైకిలు రెండు బ్రేకులూ పట్టినా ఆగక నన్ను ఈడ్చుకుపోయింది. సగం వాలులో గొర్రెలకాపరి ఒకాయన కట్టె ఆనించుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఏమప్పా, బండి నిన్ను తోలుతాండాదా, నువ్వు బండిని తోలుతాండావా?"

"ఇంకా తేలలేదన్నా" అన్నాను.

ఒక్క గీత లేకుండా కిందికి చేరాను. మాట నిలబెట్టుకున్నానని ఛాతీ పొంగింది. ప్రమాదం అంతా గుట్టల మీదే ఉంటుంది, రోడ్డు మీద ఏముంటుందిలే అనుకుని తారురోడ్డెక్కి నాలుగో మెట్టు వేశాను. ముందు పోతున్న స్కూటరును దాటాను. దాటి, ఆయన మొహం చూద్దామని వెనక్కి తిరిగాను.

తల ముందుకు తిప్పేసరికి రోడ్డుకు సగం మేర కాయలతో కోసిన ఉలవ మొక్కల కట్టె పరిచి ఉంది. మా జిల్లాలో ఇది కొత్త కాదు. పోయే వచ్చే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయని ఉలవ, కొర్ర ఏదైనా తెచ్చి తారు మీద పరుస్తారు. దాని మీద బ్రేకు కొట్టకూడదని, మెల్లగా నేరుగా పోవాలని ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. నేనూ ఇక్కడే పుట్టాను. రెండు బ్రేకులూ కొట్టాను.

ముందు చక్రం గింజల మీద జారింది. సైకిలు ఒకవైపు, నేను ఒకవైపు. వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ ఉండిపోయాను. మోకాలు మంటపుడుతోంది, మోచెయ్యి తడిగా ఉంది, అవేవీ పట్టలేదు. ఎడమ చెయ్యి ఎత్తడానికి భయం వేసింది. ఎత్తితే లేవకపోతే? నొప్పి కన్నా ముందు వంటగదిలో ఆ మేకు ఖాళీగా కనిపించింది. ఒకటి, రెండు, మూడు అనుకుని ఎత్తాను. లేచింది.

నా మొహానికీ ఆకాశానికీ మధ్య ఒక ఆడమనిషి తల వచ్చింది. ఆ ఉలవలు ఆమెవే, పేరు ఓబుళమ్మ.

"ఉలవల మీద బ్రేకు కొడతారా ఎవురన్నా? యా ఊరప్పా నీది?"

అనంతపురం అనడానికి సిగ్గేసి, దూరం అన్నాను. ఆమె నన్ను లేపి, మోకాలి మీద నీళ్లు పోసి, పసుపు అద్దింది. తర్వాత చెదిరిపోయిన కట్టెను చూసింది, సైకిలును చూసింది, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పొద్దున్నించి ట్రాక్టరు ఒగటీ రాల్యా. నీ బండి బరువుగానే ఉండాది. నువ్వూ బరువుగానే ఉండావు. నాలుగు తూర్లు తిరుగు."

కాదనే హక్కు నాకు లేదు. మొదటి మెట్టులో, బ్రేకు ముట్టకుండా, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరిగాను. నాలుగు సార్లన్నది కాస్తా ముక్కాలు గంట అయింది. ఆమె కట్టె తిరగేస్తూ "అంచులకి రా, నడిమద్దె ఐపోయినాది" అని పని చెబుతూనే ఉంది. నేను దాటిన స్కూటరాయన కూడా అక్కడే ఆగి, ఒక మైలురాయి మీద కూర్చుని చివరిదాకా చూశాడు.

రోడ్డు పక్క చింతచెట్టు నీడలో ఆమె భర్త కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒక కాలు వంగడం లేదు. కిందటేడు మోపెడు మీంచి పడినాడట.

"ఇంటికాడ చెప్పల్యా సామీ" అన్నాడు. "ఏమంటాదో అని, ఒట్టి బెణుకే అని మూడు వారాలు మూసిపెట్టినా. ఆస్పత్రికి పోయేలోగా ఎముక వంకరగా అతుక్కున్యాది."

"నాకు చెప్పింటే ఆ పొద్దే ఆస్పత్రికి ఎత్తుకపోతా ఉంటి" అంది ఓబుళమ్మ, కట్టె తిప్పడం ఆపకుండా. ఆ మాటలో కోపమే ఉందో ఇంకేమైనా ఉందో గాని, నేను మొహం తిప్పుకున్నాను.

బయల్దేరేటప్పుడు నా తువ్వాలులో రెండు శేర్ల ఉలవలు మూటగట్టింది. వద్దంటే, "కూలి వద్దంటారా?" అంది.

రెండున్నరకు కళ్యాణదుర్గం నుంచి తిరుగు బస్సు. ఈసారి కండక్టరు సైకిలును కాదు, నా ప్యాంటు మోకాలిని చూసి ఏమీ అడక్కుండా టికెట్టిచ్చాడు. దారి పొడుగునా అబద్ధాలు తయారుచేసుకున్నాను. మెట్ల మీద జారాను. కుక్క అడ్డం వచ్చింది. ఏది చెప్పినా ఉలవల మూట సంగతి చెప్పడం కుదరలేదు. మూటను బస్సులో వదిలేద్దామా అని కూడా అనుకున్నాను, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ చింతచెట్టు కింది మనిషి కాలు కళ్లముందు నుంచి పోలేదు.

ఈ ప్రయాణంలో నాకు అర్థమైంది ఇంతే. బ్యాటరీ సైకిలు కొనదలచుకున్న నా ఈడువాళ్లు నిక్షేపంగా కొనుక్కోండి. కాకపోతే మోటారు కాళ్లకు మాత్రమే పెట్టారు. కళ్లకూ, బ్రేకు మీది వేళ్లకూ, ఎముకలకూ పెట్టలేదు. అవి మన వయసులోనే ఉంటాయి.

ఐదింటికి ఇంట్లో ఉన్నాను. సుశీల అడిగేలోగా ఉలవల మూట, దాని పక్కన తాళంచెవి వసారా గట్టు మీద పెట్టాను.

"పడినాను" అన్నాను.

ఆమె దగ్గరికి వచ్చి కాలరు ఎముక మీది గుబ్బను బొటనవేలితో నొక్కి చూసింది. మోకాలు చూసింది. మూట విప్పి, జరిగిందంతా చెప్పించుకుంది.

"ముక్కాలు గంట ఆమె ఉలవలు తొక్కితిరా? మిద్దె మీద ట్యాంకు కడగమంటే మోకాళ్లంటారే."

ఆమె తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. చాలాసేపటికి చాటలో ఉలవలు పోసుకుని వచ్చి ఎదురుగా కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

"పోయిన తూరి మీరు పడితే నాకు ఎవురు చెప్పినారు? ఆస్పత్రోళ్లు ఫోను చేసి చెప్పినారు" అంది తల ఎత్తకుండా. "ఈ తూరి మీరే వచ్చి చెప్పినారు."

రాత్రి ఉలవ గుగ్గిళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. తాళంచెవి మేకుకే ఉంది.