గాలి పడిపోయిన ఆకాశనావ

కాదు, ఎన్నిసార్లు అడిగినా నా మాట ఇదే. చనిపోయిన కెప్టెన్‌ని మళ్ళీ తీసుకురావడం మోసం. నేను చూసే ఆ అంతరిక్ష సీరియల్ తొమ్మిదో సీజన్‌లో ఆయన పోయినప్పుడు నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. పదో సీజన్‌లో 'ఈయన వేరే కాలంలోని కెప్టెన్' అని చెప్పి అదే నటుణ్ణి, అదే జుట్టుతో, తలుపు తోసుకుని లోపలికి రప్పించారు. ఇప్పుడు పద్నాలుగోది వస్తోందట. పొద్దున్నే ఫోన్‌లో ట్రైలర్ పడింది, అందులో మళ్ళీ ఆయనే. పాపం, ముసలాయన అయిపోయాడు, మెట్లెక్కుతూ మోకాలు పట్టుకుంటున్నాడు. దాని కింద కామెంట్లలో మధ్యాహ్నం దాకా పదిమందితో గొడవపడ్డాను. నచ్చకపోతే చూడకు అన్నాడొకడు. పదమూడు సీజన్లు చూసినదాన్ని, నాకు చెబుతున్నాడు. వాడికి జవాబు టైపు చేస్తూ చేస్తూ మధ్యలో ఆపేశాను. కోపం తగ్గి కాదు, ఓపిక అయిపోయి. అప్పుడు తాత గుర్తొచ్చాడు.

తాతంటే అమ్మ వాళ్ళ నాన్న, శ్రీకాకుళంలో ఉండేవాడు, బడిపంతులుగా రిటైరయ్యాడు. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో, మేనేజరు మీద అరిచి ఉద్యోగం మానేసి, ఆయన దగ్గర ఓ నెల ఉన్నాను. పగలంతా మంచం మీద పడుకుని ఫోన్‌లో ఈ సీరియలే చూసేదాన్ని. తాత గ్లాసులో టీ ఊదుకుంటూ నా పక్కన కూర్చుని తనూ చూసేవాడు. భాష అర్థం కాకపోయినా ఆయనకి అనుమానాలు చాలా వచ్చేవి. "ఈళ్ళు బోయినం ఎప్పుడు సేస్తారే?" అని మొదటిరోజే అడిగాడు. అన్ని నక్షత్రాలు దాటిన ఓడలో వంటగది ఒక్కసారీ చూపించలేదని నాకప్పుడే తట్టింది. కెప్టెన్ బతికొచ్చిన ఎపిసోడ్ దగ్గర నేను ఫోన్‌ని దిండు మీదకి విసిరికొట్టి, రాసినవాళ్ళని నానా మాటలూ అన్నాను. తాత ఫోన్ తీసి, పంచెతో అద్దం తుడిచి, నా చేతికిచ్చాడు. "ఊరికే తిట్టకే అమ్మా. ఆ పని నానూ సేసేను" అన్నాడు.

అరవై ఏడులో తాతకి ఇరవై రెండేళ్ళు. మొదటి ఉద్యోగం సముద్రం ఒడ్డున భావనపాడు బడిలో. అక్కడ పెద్ద మాస్టారొకాయన ఉండేవారు, పెళ్ళాం పిల్లలు లేని మనిషి, పుస్తకాల పిచ్చి. ఆయన ఓ నోటుబుక్కులో వారం వారం ఓ కథ రాసేవారు. చంద్రుడి మీదకి వెళ్ళే ఓడ కథ, దాన్ని ఆకాశనావ అనేవారు. ఆదివారం మధ్యాహ్నాలు సరుగుడు చెట్ల నీడలో ఊరివాళ్ళు వలలు బాగుచేసుకుంటుంటే అక్కడ చదివి వినిపించాలని ఆయన కోరిక. కానీ ఆయన గొంతు అలల హోరులో వినపడేది కాదు. తాతది బడిలో డ్రిల్లు చేయించే గొంతు కాబట్టి చదివే పని తన మీద పడింది. వినేవాళ్ళు ఊరికే వినలేదు. నావకి లంగరు లేదని మొదటివారమే పేచీ పెట్టారు. మాస్టారు లంగరు పెట్టారు. నడిపేవాణ్ణి పైలట్ అని రాస్తే అలాంటివాడు పడవ మీద ఉండడని, సరంగు ఉంటాడని తేల్చారు. మాస్టారు మార్చారు. ఆ సరంగు అచ్చం ఆ ఊరి కుర్రాడే. పాతికేళ్ళవాడు, ఏ చుక్కని చూసి ఒడ్డుకి ఎలా రావాలో మాస్టారికి ఇసకలో గీసి చూపించినవాడు. కథలో తన మాటలే వినపడుతుంటే వల పక్కన పెట్టి కులికేవాడట.

రెండో ఏడు ఆ కుర్రాడు వేటకెళ్ళిన పడవ తిరిగిరాలేదు. శవం కూడా దొరకలేదు. తల్లి ఒక్కతే మిగిలింది. రోజూ సాయంత్రం ఆవిడ కొడుకు కోసం ముంతలో చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి అరుగు మీద పెట్టేది, పొద్దున్నే తీసి పారబోసేది. ఆదివారం మాత్రం అందరికంటే ముందొచ్చి కూర్చునేది. కథలో సరంగు ఉన్నాడు కదా.

ఆ మరుసటి ఏడు రేడియోలో చెప్పారు, మనుషులు నిజంగానే చంద్రుడి మీద దిగారని, అక్కడ నీళ్ళు లేవని. మాస్టారికి జ్వరం వచ్చినంత పనైంది. ఆయన కథలో చంద్రుడి మీద పెద్ద సముద్రం ఉంది, మన నావ అక్కడే లంగరేసి ఉంది. ఇక కథ ఆపేస్తానని ఆదివారం వచ్చి చెప్పారు. వలలు కుట్టేవాళ్ళు ఏమాత్రం కంగారు పడలేదు. వాళ్ళు దిగింది ఇసకదిబ్బ మీదై ఉంటుందని, రేవు అవతలి పక్కన ఉంటుందని, తెలియని ఒడ్డున ఎవరికైనా మొదట అలాగే అవుతుందని మాస్టారికి ధైర్యం చెప్పారు. కథ సాగింది. తాత ఇది చెబుతున్నప్పుడు నేను పగలబడి నవ్వాను. నేను చూసే సీరియల్ రాసేవాళ్ళలో ఒక్కడికీ ఇంత తెలివి లేదు.

ఆ ఏడాది చివర్లో ఓ ఆదివారం మాస్టారు నోటుబుక్కు బదులు విడిగా రాసిచ్చిన కాగితం తాత విప్పితే అందులో సరంగు చనిపోయాడు. చుక్కలు కనపడని చోట, చుక్కాని వదలకుండా, అందరినీ ఒడ్డు చేర్చి పోయాడు. మాస్టారు కావాలనే రాశారు. ఆ తల్లి ఒక్కసారి గట్టిగా ఏడిస్తే బాగుంటుందని, ఆ ముంత పెట్టడం ఆగుతుందని ఆయన ఉద్దేశం. తాతకి ముందు చెప్పలేదు. తాత చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గరికొచ్చాడు. ఎదురుగా ఆవిడ, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటోంది. తాత నోట ఆ మాట రాలేదు. గాలి పడిపోయిందని, నావ కదలడం లేదని, సరంగు గాలి కోసం చూస్తున్నాడని అప్పటికప్పుడు కల్పించి ముగించాడు. వెనక కూర్చున్న మాస్టారు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు బడిలో ఒకే మాట అన్నారు, "కథ నాది. గాలి నువ్వు ఆపేవు, ఇంక నువ్వే నడుపుకో." ఆ తర్వాత నోటుబుక్కు ఇవ్వలేదు.

తాతకి కథ చెప్పడం రాదు. తెల్ల కాగితం చేతిలో పట్టుకుని పదకొండు ఆదివారాలు నావని అదే చోట నిలబెట్టాడు. ఓ వారం సరంగు తెరచాప కుట్టుకున్నాడు. ఓ వారం వంట చేశాడు. ఇంకో వారం, వంట బాగోలేదని మళ్ళీ చేశాడు. వల కుడుతున్న ముసలాయనొకడు తలెత్తకుండానే, "బాబూ, మన నావ ఇంకా అక్కడే ఉన్నాదేటి?" అని అడిగేవాడట. జనం తగ్గిపోయారు. ఆవిడ మాత్రం వచ్చేది. ముంత అరుగు మీద ఉండేది. రాసిన అసలు కాగితం మడతలు పడి తాత చొక్కా జేబులోనే ఉండేది.

పన్నెండో ఆదివారం తాత నోరు తెరవకముందే ఆవిడ లేచి దగ్గరికొచ్చింది.

"మేస్టారుబాబూ, నాకు సదువు రాదు గానీ నీ గొంతు నానెరగనా? ఆ కాయితంలో ఉన్నది నువ్వు సదవడం నేదు."

ఎప్పటినుంచి తెలుసని తాత అడిగాడు. మొదటిరోజే తెలుసంది. నువ్వు చదవలేకపోతున్నావని ఊరుకున్నానంది.

"ఇంక ఒగ్గీ బాబూ. ఎన్నాళ్ళని గాలి కోసం సూస్తాడు? ఆడూ అలిసిపోనాడు, నానూ అలిసిపోనాను. రాసినదే సదువు."

తాత జేబులోంచి కాగితం తీసి చదివాడు. ఆవిడ ఏడవలేదట. ఆఖరున, ఒడ్డు చేరినవాళ్ళు ఎంతమంది అని మాత్రం అడిగింది. ఏడుగురని, ఎప్పుడొచ్చి కూర్చున్నారో, మాస్టారు వెనకనుంచి చెప్పారు. చీరకంటిన ఇసక దులుపుకుని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తాత పనిగట్టుకుని ఆ ఇంటి ముందునుంచి నడిచాడు. ముంత కడిగి, అరుగు మీద బోర్లించి ఉంది.

"ఆ పదకొండు వారాలు ఆవిణ్ణి నాను కాసేననుకున్నానే, కాదు. ఆవిడే నన్ను కాసింది" అని తాత టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన పోయి ఏడాది అయింది. నేను ఫోన్ బోర్లించి పెట్టి ఇదంతా రాస్తున్నాను. కాలం కథని ముసలిదాన్ని చెయ్యదు, వినేవాళ్ళనీ ఆ చుక్కాని పట్టుకున్నవాణ్ణీ ముసలివాళ్ళని చేస్తుంది. మోకాలు పట్టుకుని మెట్లెక్కే ఆ కెప్టెన్‌ని చూసి కూడా, కామెంట్లలో నాతో గొడవపడ్డ మీకింకో సీజన్ కావాలా? కావాలంటే, ఆ బోర్లించిన ముంత ముందు నిలబడి ఆ మాట ఆవిడతో అనగలరా మీరు?